గుమ్మంలో నిలబడి వెతికిన మనిషి

పశువైద్యశాలల్లో ముప్పై ఒక్క ఏళ్ళు అసిస్టెంటుగా పనిచేశాను. మా ఆవిడ లెక్క ప్రకారం ఇరవై తొమ్మిది. నేను చెప్పే ప్రతి అంకెలోంచీ ఆవిడ కొంత తీసేసి మిగిలింది నమ్ముతుంది. పెళ్ళయిన మొదటి నెలలోనే ఆ పద్ధతి కనిపెట్టింది, ఇంతవరకూ మార్చుకోవలసిన అవసరం రాలేదు.

ఉద్యోగం యాభై నాలుగో ఏటే ఎందుకు వదిలేశారని అడుగుతారు. గణపవరంలో ఒక గేదె నా కుడి మోకాలి మీద తన్నింది. తన్నిన రోజున దాని బరువు నాలుగు వందల కిలోలు. నేను కథ చెప్పిన ప్రతిసారీ పది కిలోలు పెరుగుతూ వచ్చి, ఇప్పుడు ఆ గేదెని ఎక్కించుకునే లారీ ఏలూరు జిల్లాలోనే లేదు. మోకాలు మాత్రం నిజం. గేదెల వెనక నిలబడే ధైర్యం పోయింది కాబట్టి, ఇంట్లో కూర్చుని పిల్లుల పని చేసుకుంటున్నాను.

ఈమధ్య కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు వస్తున్నారు. "సర్, పిల్లుల కోసం ఏదైనా చేద్దామనుకుంటున్నామండి. ఎలా మొదలుపెట్టాలి?" అంటారు. కళ్ళు చూస్తే జాలితో నిండి ఉంటాయి. జాలి మంచిదే. కానీ నా అనుభవంలో, పిల్లుల్ని రాళ్ళతో కొట్టేవాళ్ళ వల్ల ఎంత నష్టం జరిగిందో, జాలిపడేవాళ్ళ తొందర వల్లా ఇంచుమించు అంతే జరిగింది. ఆ రెండో రకంలో మొదటి పేరు నాదే. అందుకే ఇది రాస్తున్నాను.

ఇతరములు

నా మొదటి పోస్టింగు భీమడోలు. అక్కడి డాక్టరుగారు పొడుగ్గా, కరెంటు స్తంభంలా ఉండేవారు. ఆయన తల ఎత్తితే రైలు డ్రైవర్లు సిగ్నలనుకుని బండి ఆపేసేవారు. చేరిన వారంలోనే కాలు విరిగిన ఒక పిల్లిని తువ్వాల్లో చుట్టి తీసుకొచ్చారెవరో. నేను రిజిస్టరు తీశాను. ఆవు, గేదె, మేక, గొర్రె, కోడి, అన్నిటికీ గడులున్నాయి. పిల్లికి లేదు.

"ఎక్కడ రాయమంటారండీ?"

"పిల్లికి వైద్యం ఏమిటోయ్! దున్నుతుందా, పాలిస్తుందా? ఇతరముల్లో రాసి పంపించెయ్."

అలా అన్న మనిషే, నేను కలం మూత తీసేలోగా వెదురుబద్దలు చెక్కి ఆ పిల్లి కాలికి కట్టు కట్టారు. మందుల అలమర కింద మూతలో నీళ్ళు పోసి ఉంచేవారు, వీధి పిల్లుల కోసం. నేను చూస్తే, చీమలు రాకుండా పెట్టానోయ్ అనేవారు. మూతెడు నీళ్ళకి ఆగిపోయే చీమల్ని నేనింతవరకూ చూడలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదే. ఎండాకాలంలో అరుగు నీడన ఒక గిన్నెడు నీళ్ళు పెట్టడం కూడా సేవే. ఫోటో తీయక్కర్లేదు. రోజూ పెట్టడం ముఖ్యం.

మేనేజరు గారి జ్వరం

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి వెంకటరత్నంగారని ఉండేవారు. ఆయన కొట్టులో బస్తాల వరస ఎంత ఎత్తంటే, పై బస్తా మీద కూర్చుంటే కొల్లేరు కనబడుతుంది. ఆ పై బస్తా మీద ఒక ఎర్ర పిల్లి కూర్చునేది. దాని పేరు మేనేజరు. వెంకటరత్నంగారు కొట్టు తెరిస్తే ముందు అది లోపలికి వెళ్ళాలి, తరవాతే ఆయన. ఆయన భోజనానికి వెళ్తూ, "మేనేజరు గారున్నారు, చూసుకుంటారు" అని వచ్చినవాళ్ళకి చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన పిల్లిని పొట్టకి హత్తుకుని, కండువా కప్పి, ఆటోలో వచ్చారు. దాని మొహం ఉబ్బిపోయింది. చిగుళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. ఊపిరి నోటితో తీస్తోంది.

"ఏం పెట్టారండీ దీనికి?"

"ఏమీ లేదండీ. నిన్న ఒళ్ళు కాస్త వెచ్చగా అనిపించింది. పారాసిటమాల్ సగం మాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టాను. రెండో సగం నేనే వేసుకున్నానండీ, నాకూ జ్వరంగా ఉంటేను." ఆయన మా అందరి మొహాలూ చూశారు. "నాకు తగ్గిందండీ."

ఆ మాత్ర మనకి మందు, పిల్లికి విషం. దాని శరీరం దాన్ని అరిగించుకోలేదు. సగం ముక్క చాలు. మా దగ్గర చేయగలిగిందంతా చేశాం. సాయంత్రానికి పోయింది. వెంకటరత్నంగారు మర్నాడు కొట్టు తెరిచారట గానీ, చాలాసేపు గుమ్మం బయటే నిలబడ్డారట. ముందు లోపలికి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేక.

కాబట్టి మొదటి మాట. పిల్లికి ఒంట్లో బాగాలేకపోతే మనుషుల మందు ఏదీ వెయ్యకండి. మీరు వేసుకున్నది, మీకు తగ్గినది అసలే వెయ్యకండి.

కూనలు కనబడితే

ప్రతి వానాకాలం ముందూ నాకు ఫోన్లు వస్తాయి. "సర్, అనాథ కూనలు దొరికాయి, తెచ్చేశాం." ఎక్కడ దొరికాయమ్మా అంటే, పాత టైర్ల వెనక. ఎంతసేపు చూశారంటే, చూడ్డమేంటి సర్, ఏడుస్తుంటేనూ.

అవి చాలాసార్లు అనాథలు కావు. తల్లి తిండికి వెళ్ళి ఉంటుంది, లేదా ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని వేరే చోటికి మారుస్తూ ఉంటుంది. రెండో దాన్ని దింపి మూడో దాని కోసం తిరిగి వచ్చేసరికి మీరు దాన్ని అట్టపెట్టెలో పెట్టి ఆటో ఎక్కేసి ఉంటారు. కాబట్టి దూరంగా కూర్చోండి. తల్లికి కనబడనంత దూరం. గంట, రెండు గంటలు. ఇది సేవలన్నిటిలోకీ కష్టమైనది, ఎందుకంటే ఇందులో మనం ఏమీ చేసినట్టు ఉండదు.

తల్లి నిజంగా లేదని తేలితే, ముందు వెచ్చదనం, తరవాతే పాలు. సీసాలో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. చల్లబడిన కూనకి పాలు పోస్తే అరగవు. ఆవుపాలు వద్దు, విరేచనాలవుతాయి. పశువుల డాక్టరుని అడిగితే కూనల పాలపొడి పేరు చెబుతారు. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకండి, బోర్లా ఉంచి పట్టండి. తాగాక తడి దూదితో తోక కింద మెల్లగా రాస్తే గానీ చిన్న కూనలు ఒంటికి పోసుకోలేవు. తల్లి నాలుకతో చేసే పని అది.

అన్నిటికంటే పెద్ద సేవ, పిల్లులు అదేపనిగా ఈనకుండా ఆపరేషను చేయించడం. బోను పెట్టి పట్టుకోవాలి, చేయించాలి, పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. చెప్పడానికి మూడు ముక్కలు. ఆ మూడు ముక్కల్లో నేనెక్కడ తప్పానో ఇప్పుడు చెప్పాలి.

గోనెసంచి

మా కొల్లేరు పక్కల ఒక అలవాటుంది. పిల్లుల్ని చంపరు, పాపం అంటారు. ఇంట్లో ఎక్కువైతే గోనెసంచిలో వేసి మూతి కట్టి, నీళ్ళు దాటించి వదిలేస్తారు. నీళ్ళు దాటిన పిల్లికి వెనక్కి దారి తెలియదని నమ్మకం. చేపల లారీ వెళ్తుంటే దాని మీద వేసేస్తారు, పడవ వెళ్తుంటే అందులో. సంచిని మూడుసార్లు గిరగిరా తిప్పేవాళ్ళు కూడా ఉన్నారు. పాపం చుట్టుకోకుండా ఇంత జాగ్రత్తపడి, ఆ సంచి విప్పిన చోట దానికి తిండి ఉందో లేదో మాత్రం ఎవరూ అడగరు.

మండవల్లి దగ్గర వీర్రాజుగారికి చేపల చెరువులున్నాయి. చెరువుగట్టు మీద మేత బస్తాల గోడౌను, పక్కన పనివాళ్ళకి వంట చేసే పాక. వంటమనిషి పేరు అచ్చమ్మ. గోడౌనులో ఎలకలు కుక్కలంత ఉండేవి. సరే, కుక్కపిల్లలంత. వాటి కోసం వచ్చి చేరిన ఒక బూడిదరంగు చారల పిల్లి, ఎవరు పట్టుకోబోయినా జారిపోయేది కాబట్టి, అచ్చమ్మ దాన్ని కొరమేను అని పిలిచేది. పగలల్లా బస్తాల్లో వేట. వంట అయ్యాక, నిప్పు ఆర్పేసిన మట్టిపొయ్యిలో గోరువెచ్చటి బూడిద మీద నిద్ర. అచ్చమ్మ మళ్ళీ పొయ్యి అంటించాలంటే ముందు, "లేమ్మా, లే, నీ మంచం కాదది" అని దాన్ని లేపాలి.

కొరమేను ఈనినప్పుడల్లా కూనలు కళ్ళు తెరిచాక వీర్రాజుగారి మనుషులు సంచి తెచ్చేవారు. రెండు ఈతలు అలా లారీ ఎక్కాయి. అచ్చమ్మ ఎవరో చెబితే విని, బస్సెక్కి ఏలూరు మా ఇంటికే వచ్చింది.

"ఈసారి ఈనితే తల్లిని కూడా పంపేస్తానన్నారండి రాజుగారు. ఆపరేషను చేస్తారంట కదండీ మీరు. అది నా దగ్గరుండిపోవాలండి. అంతేనండి నాకు కావలసింది."

నేను వీర్రాజుగారికి ఫోన్ చేశాను. మంచి మనిషే. "అంతేకదండీ! ఇక ఈనదంటే ఉంచుకోమనండి. ఎలకలకి పనికొస్తుంది. ఆదివారం రండి, భోజనం మా దగ్గరే" అన్నారు.

ఏలూరులో శకుంతలగారని మా పెద్ద డాక్టరమ్మ. ఆదివారాలు తమ ఇంటి వెనక గదిలో వీధి పిల్లులకి ఆపరేషన్లు చేసేవారు. పట్టుకు రావడం, దింపి రావడం నా పని. ఆదివారం పొద్దున్న బోనులో చేప తలకాయ పెట్టుకుని మండవల్లి వెళ్ళాను. కొరమేను పావుగంటలో పడింది. నా జీవితంలో అంత సులువుగా పడ్డ పిల్లి లేదు. ఎంత ఆకలిగా ఉంటే అలా వస్తుందో నాకు తట్టలేదు.

అచ్చమ్మ బోను దగ్గర కూర్చుంది. "బాబూ, దీని పొట్ట వేలాడుతున్నట్టుందండి. ఈమధ్య మాటిమాటికీ గట్టు మీదుగా అటు పోయి వస్తోంది. ఎక్కడన్నా పెట్టిందేమో చూడండి."

"ఎలకల కోసం తిరుగుతుందిలే అచ్చమ్మగారూ."

"ఒకసారి చూడండి బాబూ. నాకు నడుం వంగట్లేదు, లేకపోతే నేనే చూద్దును."

చూస్తానన్నాను. గోడౌను దాకా వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. లోపల మేత దుమ్ము, తుమ్ములు వస్తాయి. బస్తాల మీదుగా ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక చూపు చూశాను. వీర్రాజుగారి మనిషి వచ్చి, "పులుసు చల్లారిపోతోందండీ" అన్నాడు. వెళ్ళాను.

బల్ల మీద

మధ్యాహ్నం శకుంతలగారు కొరమేనుకి మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. పొట్ట మీద చెయ్యి వేసి ఆగిపోయారు.

"మూర్తిగారూ, ఇటు రండి. ఇది పాలిస్తోందండీ."

వేళ్ళతో మెల్లగా అదిమారు. తెల్లటి చుక్క వచ్చింది. కూనలు చీకి చీకి చనుమొనల చుట్టూ వెంట్రుకలు పోయి ఉన్నాయి. అది కూడా చూపించారు.

"కూనలు ఎక్కడున్నాయి? ఉంటే చెప్పండి. మత్తు దిగగానే ఇవాళే దింపేసి రండి, నెల్లాళ్ళయ్యాక తెచ్చుకుందాం."

ఆ క్షణంలో నేను ఏమీ ఆలోచించలేదు. అబద్ధం చెప్పాలని కూడా అనుకోలేదు. అలవాటు మాట్లాడింది. "లేవండీ. గోడౌను మొత్తం గాలించాను. మూట మూటా జరిపించి చూశానండీ. రెండు గంటలు పట్టింది."

ఆవిడ నా మొహంకేసి ఒక్క క్షణం చూసి, "అయితే పోయుంటాయి పాపం. పాలు వాటంతటవే ఇంకిపోతాయిలెండి" అని కత్తి అందుకున్నారు. కుట్లు వేశాక, "రేపు పొద్దున్నే దింపేయండి" అన్నారు.

రేపు భీమడోలులో మా బంధువుల పెళ్ళి. ఎల్లుండి అల్పపీడనం, వాన. కూనలు లేవని నేనే చెప్పాను కదా, ఇక తొందరేముంది? పిల్లి మా వరండాలో బోనులోనే ఉంది. అన్నం ముట్టలేదు. ఆగి ఆగి, ఒకే తీరుగా, గొంతు కిందికి దించి అరిచేది.

మా ఆవిడ రెండో రోజు నా దగ్గరకొచ్చి, "ఏవండీ, ఇది ఏడుస్తున్నట్టు లేదండీ. ఎవర్నో పిలుస్తున్నట్టుంది" అంది.

"కుట్లు నొప్పిలే."

"కింద గుడ్డ తడిసిందండీ. పాలండీ అవి."

"డాక్టరమ్మ చూశారు. ఇంకిపోతాయన్నారు."

బుధవారం వాన తగ్గింది. బోనులోంచి మూతబుట్టలోకి మార్చి మండవల్లి బస్సెక్కాను.

శకుంతలగారు అడిగింది

బుట్ట మూత తీశాక జరిగింది చెప్పేముందు, ఆ తరవాత వారం జరిగింది చెబుతాను. చూశారా, ఇంకా తప్పించుకుంటున్నాను.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పరికరాలు కడుగుతున్నారు.

"నిజంగా ఎంతసేపు వెతికారు మూర్తిగారూ?"

"గుమ్మంలోంచి చూశానండి."

ఆవిడ కసురుకుంటారనుకున్నాను. కసురుకుంటే బాగుండేది. కుళాయి కట్టేసి, "మీ కబుర్లంటే నాకు ఇష్టమండీ. కానీ బల్ల దగ్గర నాకు కళ్ళు మీరే. నేను అక్కడికి రాలేదు కదా" అన్నారు. అంతే. వచ్చే ఆదివారం ఎవరెవరు వస్తున్నారో రాసి ఉన్న కాగితం నా చేతికిచ్చారు, ఎప్పటిలాగే.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదొక్కటే. బోను పట్టడం నాలుగు రోజుల్లో వస్తుంది. కూనకి పాలు పట్టడం వారంలో వస్తుంది. "నేను చూడలేదండి" అనడం మాత్రం నాకు ముప్పై ఏళ్ళకి గానీ రాలేదు. ఆడపిల్లిని పట్టగానే పొట్ట చూడండి. చనుమొనలు పెద్దవై, చుట్టూ వెంట్రుకలు పోయి ఉంటే, బోను తలుపు తీసి అక్కడే వదిలేయండి. అక్కడివాళ్ళు చూడమన్న చోటల్లా మోకాళ్ళ మీద వంగి చూడండి. డాక్టరు అడిగితే, చూసినంతే చెప్పండి. గబగబా ఒక చూపు చూశాను అంటే చిన్నతనమేమీ కాదు.

బుధవారం

ఇక్కడినుంచి మా ఆవిడ నా అంకెలు దిద్దక్కర్లేదు.

నేను వెళ్ళేసరికి పనివాళ్ళ పొద్దుటి వంట అయిపోయింది. అచ్చమ్మ పొయ్యిలో నిప్పులు తీసేసి ఉంచింది. బుట్ట చూసి ఆవిడ మొహం వెలిగింది. "వచ్చేసిందండీ కొరమేను! ఇక రాజుగారు పంపరండి దీన్ని. కూర్చోండి బాబూ, మళ్ళీ అంటించి టీ పెడతాను."

నేను బుట్ట మూత తీశాను. కొరమేను ఆవిడ వంక చూడలేదు. పొయ్యి వంకా చూడలేదు. కుట్ల పొట్టతో గట్టు మీద పరిగెత్తింది. గోడౌనులోకి కాదు. దాన్ని దాటి, రెండో చెరువు చివరికి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరిగే చోటికి. అక్కడ తాటిమొద్దు తొలిచి చేసిన పాత దోనె ఒకటి బోర్లించి ఉంది. ఏరియేటర్ల హోరులో మనిషి అరిచినా వినబడదు. దోనె అంచు కింద జానెడు సందు ఉంది. కొరమేను అందులో దూరింది.

నేను వెనకే వెళ్ళాను. నా వెనక అచ్చమ్మ, నడుం పట్టుకుని.

అది బయటికి వచ్చింది. నోట్లో ఒక కూన ఉంది. తల, కాళ్ళు వేలాడుతున్నాయి, వానకి తడిసి. అది మా ఇద్దరి మధ్యనుంచే నడిచి వెళ్ళింది. పాక దాకా వెళ్ళి, పొయ్యిలో బూడిద మీద దాన్ని దింపి, తిరిగి వచ్చింది. మళ్ళీ దోనె కిందికి వెళ్ళింది.

నేను దోనె ఎత్తబోయాను. అచ్చమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనివ్వండి బాబూ. దాని పిల్లలు. దాన్నే తెచ్చుకోనివ్వండి."

నాలుగుసార్లు వెళ్ళి వచ్చింది. నాలుగు కూనలు. రెండు చారలవి, ఒకటి నలుపు, ఒకటి చారల్లేని బూడిదరంగు. నాలుగే. ఇంకా కళ్ళు పూర్తిగా విచ్చుకోలేదు.

మేం పాకకి వచ్చేసరికి కొరమేను పొయ్యిలో చుట్టుకుని పడుకుని ఉంది. నాలుగింటినీ పొట్ట దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కదాన్నీ నాకుతోంది. నాకి, ఆగి, చూసి, మళ్ళీ నాకుతోంది. ఒక్కటీ కదల్లేదు. బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. కుట్ల దగ్గర బూడిద అంటుకుంది. నేను దగ్గరకి వెళ్తే తల ఎత్తింది. అరవలేదు, రక్కలేదు. తల దించి తన పని చేసుకుంది.

అచ్చమ్మ చూడమన్నది ఆవిడకీ గుర్తుంది, నాకూ గుర్తుంది. గట్టు మీద పీట వేసి నన్ను కూర్చోమంది. తను నిలబడే ఉంది, చేతిలో ఖాళీ టీ గిన్నెతో. తరవాత బస్సు వస్తుందని నేను లేచాను.

ఆవిడ పొయ్యి వంక చూసి, నా వంక చూసి, గిన్నె బోర్లించి పెట్టింది.

"ఏమనుకోకండి బాబూ. ఇంతదూరం వచ్చారు, టీ కూడా ఇవ్వలేకపోయాను. పొయ్యి ఖాళీ లేదండి."